పిలుపులమ్మ తల్లి, పదకొండు వీధుల పేర్లు

సింగన్నపట్నం రైల్వే స్టేషనులో దిగిన భక్తులు దయచేసి ఆటో ఎక్కవద్దని మనవి. ఆటోవాళ్ళతో నాకు తగవేమీ లేదు, వాళ్ళలో సగంమంది నేను ఉత్తరాలిచ్చిన ఇళ్ళ పిల్లలే. పిలుపులమ్మ తల్లి దర్శనానికి నడిచే రావాలన్నది ఇక్కడి ఆచారం. గుడి పాతూరి నడిబొడ్డున, మూడు పిలుపుల వీధిలో ఉన్నది. అక్కడికి చేరాలంటే పదకొండు వీధులు దాటాలి. ప్రతి వీధి మొదటా నిలబడి దాని పేరు మూడుసార్లు పైకి పలకాలి. మనసులో అనుకుంటే చాలదు.

స్టేషను ఎదురుగా మొదట వచ్చేది పోలయ్య వీధి. బట్టల కొట్లూ, సెల్‌ఫోన్ రిపేరు కొట్లూ అక్కడే. దాని చివర ఎడమకు తిరిగితే తవిటమ్మ వీధి, అన్నీ మందుల షాపులు. ఆపైన గవరయ్య వీధి, సూరమ్మ వీధి, అసిరయ్య వీధి, ఎర్రెమ్మ వీధి. నూకయ్య వీధిలో చేపల బజారు ఉంటుంది గనుక పంచె కాస్త పైకి కట్టుకోండి. లచ్చన్న వీధి, బుల్లెమ్మ వీధి, పైడమ్మ వీధి దాటాక చిట్టి సందు వస్తుంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగవలసినంత ఇరుకు. ముప్పై అడుగులు వేస్తే అయిపోతుంది. మిగిలిన పది వీధుల్లోనూ ఎంత గట్టిగా పిలిచినా ఫరవాలేదు గానీ, చిట్టి సందులో మాత్రం గొంతు తగ్గించి పిలవాలి. ఎందుకన్నది చదవగా మీకే తెలుస్తుంది.

ఈ పేర్లు విని ఎవరో జమీందార్లు, వాళ్ళ దొరసానులు అనుకునేవారు చాలామంది. బుల్లెమ్మగారికి ఏడువారాల నగలుండేవని ఒక టీచరుగారు పిల్లలకు చెబుతుండగా నేను చెవులారా విన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి. ఆ మధ్య వీధులకు నంబర్ల బోర్డులు కూడా వచ్చాయి. రోడ్డు నంబరు ఏడు ఎక్కడ అని అడిగితే ఆ రోడ్డులో ఉన్నవాళ్ళే తెల్లమొహం వేస్తారు. నేను, దాలినాయుడిని, ఈ పాతూళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళు పోస్ట్‌మన్‌గా తిరిగాను. నంబరు వేసి రాసిన ఉత్తరం దారి తప్పింది గానీ, చిట్టి సందు అని రాసిన ఉత్తరం ఏనాడూ తప్పలేదు. అయితే అన్నేళ్ళు ఆ పేర్లు చదివి కూడా ఆ మనుషులెవరో నేను అడిగిన పాపాన పోలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ చిన్న పుస్తకం. ఇది నా మొక్కు కూడాను. మొక్కు సంగతి చివర మనవి చేస్తాను.

గుడిలోని అమ్మవారు మూరెడు ఎత్తు నల్లరాతి విగ్రహం. చేతిలో కత్తి లేదు, శూలం లేదు. కుడి అరచేతిని చెంప పక్కన ఆనించి, దూరంగా పోతున్న మనిషిని పిలుస్తున్నట్టు నోరు తెరిచి ఉంటుంది. అమ్మకు కోపం వచ్చిందని కొత్తవాళ్ళు జంకుతారు. జంకనక్కరలేదు, తల్లి పిలుస్తున్నది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. మా ఊరు మంచిదైనది ఆ తెరిచిన నోటి చలవ వల్లనే.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. ఇసుక దిబ్బలు, మొగలి పొదలు, నక్కల బొరియలు ఉండేవి. ఆ కాలంలో ఈ సీమను ఏలిన జగపతి దొర సముద్రానికి దగ్గరగా ఒక పట్నం కట్టించ సంకల్పించి, పదకొండు వీధులకు తాడు పట్టించాడు. వీధులైతే గీశారు గానీ తాగడానికి గుక్కెడు నీళ్ళు లేవు. అందుచేత దిబ్బ నడుమ పెద్ద నుయ్యి తవ్వించ మొదలుపెట్టాడు. ఆ యేడు లోపలి మెట్ట ఊళ్ళలో కరువు పడింది. పార పట్టగలిగిన ప్రతివాడూ కూలికి ఇటే వచ్చాడు.

ఆ పనికి మేస్త్రీ పాపినాయుడు. చెడ్డవాడు కాడు. కానీ వందమంది కూలీల పేర్లు గుర్తుంచుకోవడం తనవల్ల కాదని, కంటికి కనబడినదాన్ని బట్టి పొడుగోడు, నత్తోడు, మచ్చలోడు అని పిలిచేవాడు. పని ముఖ్యం గానీ పేరు దేనికన్నది అతని లెక్క.

పేరే ముఖ్యమనుకునే మనిషి అక్కడ ఒకతె ఉండేది. ఆమె సన్యాసమ్మ. దొరవారి ఖర్చుతో రోజూ మధ్యాహ్నం కూలీలకు చోడి పిండితో, అంటే రాగిపిండితో, అంబలి కాచి పోసేది. వరసలో వచ్చిన మనిషి ముంత చాపితే సరిపోదు, పేరు చెప్పాలి. తెలిసిన మనిషైనా సరే, ప్రతిరోజూ చెప్పాలి. చెబితేనే గరిటె వంగేది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, పేరు సెప్పందే సన్యాసమ్మ పొయ్యదర్రా," అని కూలీలు వేళాకోళం చేసేవారు.

ఆమె పట్టుదలకు కారణం ఉన్నది. మన వైపు శవాన్ని శ్మశానానికి మోసుకుపోతూ సగం దారిలో ఒకచోట పాడె దింపుతారు. దానిని దింపుడు కళ్ళం అంటారు. అయినవాళ్ళు చెవి దగ్గర వంగి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే తన పేరు విని వెనక్కి వస్తుందని ఒక ఆశ. సన్యాసమ్మ భర్త అంతకు ముందటేడు పని వెతుక్కుంటూ పోయి, దారిలో ముక్కూమొహం తెలియని ఊళ్ళో కన్నుమూశాడు. ఆ ఊరివాళ్ళు పుణ్యాత్ములు, మోశారు, పాడె దింపారు. కానీ పేరు తెలియక కాసేపు ఊరకే నిలబడి మళ్ళీ ఎత్తుకున్నారు. నాలుగు రోజుల తరువాత ఈ కబురు విన్న సన్యాసమ్మకు, భర్త పోయిన దుఃఖం ఒక ఎత్తు, పిలుపు లేకుండా పోయాడన్న దుఃఖం ఒక ఎత్తు అయింది. ఆ పేరు తాను కూడా ఎన్నడూ పలికి ఎరగదు. ఆ రోజుల్లో ఆడది మగని పేరు చెప్పడం లేదు. ఎవరడిగినా "ఆయన" అనేది.

ఇలా ఉండగా ఒకరోజు వరసలోకి ఒక కొత్త మనిషి వచ్చాడు. ఎముకల మీద చర్మం తప్ప మరేమీ లేనివాడు. మేస్త్రీ అతనికి అప్పటికే బక్కోడని పేరు పెట్టేశాడు.

"నీ పేరేటి బావూ?" అని సన్యాసమ్మ అడిగింది.

"పోలయ్య," అన్నాడు. ముంత అందుకొని, కాస్త నేలమీద ఒలకబోసి మిగిలింది తాగాడు. చేతులు వణుకుతున్నాయి కాబోలు అనుకున్నారు అందరూ.

మరునాడు మళ్ళీ అడిగింది.

"తవిటమ్మ," అన్నాడు.

వరసంతా ఘొల్లుమన్నది. "మగోడివి, తవిటమ్మేటి? ఎండ దెబ్బ గాని తగిలిందేటి నీకు?" అని ఆమె కసిరింది.

"పొయ్యమ్మా. తవిటమ్మకి ఆకలేస్తంది," అన్నాడతను, మొహంలో నవ్వు లేకుండా.

మూడోనాడు గవరయ్య అన్నాడు, నాలుగోనాడు సూరమ్మ అన్నాడు. ఆ తరువాత రోజుకొక పేరు. సన్యాసమ్మకు ఒళ్ళు మండిపోయేది. పేరంటే ప్రాణం పెట్టే మనిషితో పరాచికాలా! అయినా ఆకలిగొన్నవాడిని పొమ్మనలేక తిడుతూనే పోసేది. ఎన్ని తిట్టినా ఏ రోజు పేరు ఆ రోజు ఆమె మనసులో పడిపోయేది. కూలీలు మాత్రం రేపు ఏం పేరు చెబుతాడోనని పందేలు వేసుకునేవారు. పదకొండోనాడు అతను వచ్చి, "చిట్టి," అన్నాడు. ఆ నవ్వులకు నూతిలో ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూశారట.

"సగం సాలమ్మా, చిన్న పొట్ట," అన్నాడతను. ఆ రోజు ముంత మొత్తం నేలమీదే పోసేశాడు. తాను ఒక్క చుక్క ముట్టలేదు. సన్యాసమ్మ అది చూస్తూనే వరసలో తరువాతి ముంత అందుకున్నది.

పన్నెండో రోజు ఉదయం నూతి గోడ ఒక పక్క విరిగి పడింది. అడుగున ఉన్నవాళ్ళందరూ పైకి వచ్చారు, బక్కోడు తప్ప. మట్టి తీసి, తాళ్ళు వేసి పైకి లాగేసరికి జామున్నర పట్టింది. అతనిలో ఊపిరి లేదు. చెడుగాలి పట్టి పోయాడన్నారు. నాడి చూసే మనిషి చూసి తల అడ్డంగా ఊపాడు. దిక్కులేని మనిషి కదా, ఎవరికోసం ఆగాలి? పొద్దు వాలక ముందే పాడె కట్టారు.

ఇప్పుడు అమ్మవారి గుడి ఉన్న ఈ చోటనే పాడె దింపారు. పిలవడానికి అయినవాళ్ళు లేరు. మేస్త్రీ పాపినాయుడు కండువా నడుముకు చుట్టుకొని, చెవి దగ్గర వంగి, పిలిచాడు.

"ఒరే బక్కోడా. బక్కోడా. బక్కోడా."

మనిషి కదలలేదు. మూడు పిలుపులూ అయిపోయాయి, ఎత్తండన్నారు పెద్దలు.

అంతలో సన్యాసమ్మ పరుగున వచ్చింది. ఆమె ఆ రోజు దూరపు వీధిలో పొయ్యి పెట్టింది, కబురు ఆలస్యంగా అందింది. ఆడవాళ్ళు అక్కడికి రాకూడదన్న సంగతి ఆమెకు తెలుసు. వచ్చి పాడెకు అడ్డంగా కూర్చున్నది.

"ఏమని పిలిసినారు?"

పాపినాయుడు చెప్పాడు.

"అది నువ్వెట్టిన పేరు నాయుడూ. తల్లి ఎట్టిన పేరు కాదు. ఆడికి పిలుపే అవ్వలేదు."

పెద్దలు ఒప్పుకోలేదు. మూడు దాటి నాలుగో పిలుపు పిలిస్తే ఏది పలుకుతుందో ఎవరికి తెలుసు? దయ్యం లేచి వస్తే ఊరు కట్టకముందే పాడైపోతుందన్నారు. అదీగాక, అసలు పేరు నీకైనా తెలుసా అని ఒకాయన అడిగాడు. పదకొండు రోజుల్లో పదకొండు పేర్లు చెప్పిన మనిషి. ఏది నిజమో ఆమెకేం తెలుసు?

"తెలీదు," అన్నది. "అన్నీ పిలుస్తాను. మా ఆయన పిలుపు లేకుండా పోనాడు. నా సేతి అంబలి తాగినోడు అలగ పోడానికి ఈల్లేదు. దయ్యమే లేస్తే ముందు నన్నే తినమనండి."

ఆ అంబలి తాగిన నోళ్ళే గనుక ఎవరూ ఆమెను పక్కకు లాగలేకపోయారు. పాపినాయుడు మొదట తానే వెనక్కి జరిగాడు.

సన్యాసమ్మ అరచేయి చెంపకు ఆనించుకొని, అతని చెవి దగ్గర వంగి, చెప్పిన వరసలోనే మొదలుపెట్టింది. పోలయ్యా అని మూడుసార్లు పిలిచింది. తవిటమ్మా అని మూడుసార్లు. గవరయ్య. సూరమ్మ. సూరమ్మ దగ్గర అతని కనురెప్ప అదిరిందని మోసేవాడొకడు అన్నాడు, గాలికి అన్నారు మిగిలినవాళ్ళు. అసిరయ్య, ఎర్రెమ్మ, నూకయ్య, లచ్చన్న, బుల్లెమ్మ, పైడమ్మ. ఇక మిగిలింది ఒక్కటే పేరు.

"చిట్టీ. ఓ చిట్టీ. చిట్టీ..."

అతని పెదవులు కొద్దిగా కదిలాయి. మాట మాత్రం అందరికీ వినబడింది.

"అది ఇప్పుడే నిద్దరోయింది. లేపకండమ్మా."

తరువాత అతను ఏడ్చిన ఏడుపు చూసినవాళ్ళు చచ్చేదాకా మరచిపోలేదట. కట్లు విప్పి, నీళ్ళు తాగించి కూర్చోబెట్టాక సంగతంతా బయటపడింది. పోలయ్య అతని తండ్రి, తవిటమ్మ తల్లి, గవరయ్య అన్న, సూరమ్మ భార్య. చిట్టి మూడేళ్ళ కూతురు. మొత్తం పదకొండు మంది. కూలి దొరుకుతుందని, అంబలి పోస్తారని విని ఈ దిబ్బలకు బయలుదేరి, ఒక్కొక్కరుగా దారిలోనే రాలిపోయారు. చిట్టి అతని భుజం మీదే పోయింది. నిద్రపోయిందనుకొని ఒక పూటంతా మోశాడు. అంబలి దాకా వచ్చినవాడు తానొక్కడే. వాళ్ళకు ముట్టవలసిన అంబలి తానొక్కడే తాగలేక, రోజుకొకరి పేరు చెప్పి పోయించుకున్నాడు. అది విని, పందేలు వేసుకున్న కూలీలు తలలు వంచుకున్నారు. సన్యాసమ్మ తాను తిట్టిన తిట్లన్నీ తలచుకొని నోరు కొట్టుకున్నది.

అతను మరొక మాట చెప్పాడు. నూతి అడుగున చీకట్లో పడి ఉన్నప్పుడు, మట్టిలోనుంచి ఒక తల్లి గొంతు తనవాళ్ళను పేరుపేరునా పిలుస్తూ ఉన్నదట. మరునాడు అతను చూపిన చోట జాగ్రత్తగా తవ్వగా, చెంపకు చేయి ఆనించుకొని నోరు తెరిచి ఉన్న ఈ విగ్రహం బయటపడింది. విగ్రహాన్ని ఎత్తిన చోట నీరు ఊరింది. పాడె దింపిన చోటనే తల్లిని నిలిపి పిలుపులమ్మ అన్నారు. ఆ తల్లే సన్యాసమ్మ నోట పలికిందని పెద్దల మాట.

పట్నం పూర్తయ్యాక జగపతి దొర పదకొండు వీధులకూ తన వంశంలోని పదకొండు మంది పేర్లు పెట్టించ తలపెట్టాడు. రాళ్ళ మీద చెక్కించాడు కూడాను. ఆ రాళ్ళు పాతించవలసిన రోజు తెల్లవారుజామున ఆయనకొక కల వచ్చింది. కలలో అమ్మవారు నోరు మూసుకొని కూర్చున్నది. ఎదుట పదకొండు ముంతలు బోర్లించి ఉన్నాయి. దొర ఎంత వేడుకున్నా తల్లి పెదవి విప్పలేదు. ఆయన లేచి, చెప్పులైనా తొడుక్కోకుండా వచ్చి సన్యాసమ్మను అర్థమడిగాడు.

"మీ తాతల్ని తలుసుకోడానికి ఊరంతా ఉంది దొరా," అన్నది ఆమె. "ఈ పట్నం సూద్దారని బయల్దేరి రాలేకపోయినోల్లని తలిసీవోలెవులు?"

దొర ఆ రాళ్ళను తిరగేసి నూతి చుట్టూ గట్టుగా పరిపించాడు. పదకొండు వీధులకూ సన్యాసమ్మ పిలిచిన పదకొండు పేర్లు దండోరా వేయించాడు. అన్నిటికంటె చిన్నదానికి చిన్నపిల్ల పేరు పెట్టారు. ఊరికి చేరలేని వాళ్ళ పేర్లమీద ఊరు నిలబడింది. పెద్ద మనసంటే అది, దొరను మెచ్చుకోవలసిందే.

పన్నెండో వీధి, అంటే గుడి కట్టాక దాని ఎదుట కొత్తగా ఏర్పడిన వీధి, మిగిలింది. దానికి అతని పేరు పెడతామన్నారు. అతను వద్దన్నాడు. తన పేరు సన్యాసమ్మ చెవిలో మాత్రం చెప్పి, ఆ పూట ముంతెడు అంబలి మొట్టమొదటిసారిగా నేలకు ఒలకబోయకుండా తాగాడు. తరువాత ఆమెను ఒక మాట అడిగాడు.

"నావోల్లని అందర్నీ పిలిసినావు. నీవోడ్ని ఎవులు పిలుస్తారమ్మా?"

సన్యాసమ్మ కొంగు తల మీదికి లాక్కొని, అమ్మవారి ఎదుట, బతికుండగా ఒక్కసారైనా పలకని ఆ పేరు పైకి పలికింది.

"ఎండయ్యా. ఎండయ్యా. ఎండయ్యా."

ఆ మూడు పిలుపుల వల్ల ఈ వీధికి ఆ పేరు వచ్చింది. ఆమె మనసు ఆ రోజుతో చల్లబడిందంటారు. ఆమె పోయేదాకా అంబలి పోసింది, అతను పోయేదాకా నీళ్ళు తోడి ఇచ్చాడు. అతని పేరేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఇప్పటికీ వైశాఖమాసం రెండవ మంగళవారం ఉదయం అయిదున్నరకు స్టేషను దగ్గర నుండి ఊరు ఊరంతా నడుస్తుంది. అంబలి కుండను పాపినాయుడి వంశం వారే మోస్తారు. ఏ వీధిలో పిలిస్తే ఆ వీధివాళ్ళు "ఓయ్" అని లోపలినుంచి పలుకుతారు, ముంతెడు అంబలి తమ గుమ్మం ముందు నేలకు పోసి తరువాత తాము తాగుతారు. చేపల బజారులో కత్తులు ఆగుతాయి. గుడి ఎదుట ఎవరి మనిషిని వారు పిలుచుకోవచ్చును. యుద్ధానికి పోయి రానివారిని, పడవ మీద పోయి రానివారిని, ఆఖరి చూపు దక్కనివారిని ఇక్కడ పిలిచినవాళ్ళు నిద్రపట్టే మనసుతో ఇంటికి పోతారు. బతికున్నవారిని కూడా పిలవవచ్చు. ఆడవాళ్ళు భర్త పేరు పైకి పలికితే అతనికి ఆయుష్షు పెరుగుతుందని ఇక్కడి నమ్మకం.

ఇక నా మొక్కు సంగతి. మా ఆవిడ కనకరత్నం ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నన్ను "ఇదిగో" అన్నది, "మిమ్మల్నే" అన్నది, పేరు పెట్టి పిలిచి ఎరగదు. ఏటా గుడి ఎదుట నిలబడి పెదవులు మాత్రం కదిపేది. అమ్మవారికి చెవుడనుకున్నావా అని నేను ఏడిపించేవాడిని. నిరుడు నాకు గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో రెండు రోజులు ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉన్నాను. మూడోనాడు ఏదో వీధి చివరినుంచి ఎవరో నన్ను పిలుస్తున్నట్టు వినబడింది. దాలినాయుడూ, అని. ఆ గొంతు నాకు బాగా తెలుసు, ఆ గొంతులో ఆ పేరు మాత్రం కొత్త. కళ్ళు తెరిచేసరికి మూడోసారి పిలుస్తున్నది. నన్ను చూడగానే సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఇదిగో, మంచినీళ్ళు తాగుతారా?" అన్నది. మందు పనిచేసిందన్నారు డాక్టరుగారు. పనిచేసే ఉంటుంది, కాదనను. ఆయనకూ దండమే. ఆ మంచం మీదే, ఈ పదకొండు పేర్ల కథ పుస్తకంగా వేయిస్తానని తల్లికి మొక్కుకున్నాను.

ఈ యేడు నడకలో ఉత్తరాల సంచీ లేకుండా పదకొండు వీధులూ తిరిగాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ మనుషుల పేర్ల మీద నా ఇంట్లో పొయ్యి వెలిగింది. ప్రతి వీధి మొదటా నిలబడి ఆ మాటే చెప్పుకొని దండం పెట్టాను. గుడి ఎదుట కనకరత్నం పేరు మూడుసార్లు పిలిచాను. "పక్కనే ఉన్నాను కదా, ఆ అరుపులేమిటి?" అన్నది. పక్కన ఉండగా పిలవడమే అదృష్టమని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఈ కథ చదివినవారిని, విన్నవారిని, పదకొండు వీధులూ నడిచి వచ్చినవారిని తల్లి పేరుపేరునా పిలిచి చల్లగా చూచుగాక. దర్శనం అయి వెనక్కి వెళ్ళేటప్పుడు కూడా చిట్టి సందులో నెమ్మదిగా నడవండి. పాప నిద్రపోతున్నది.